వినేవాళ్ళ గది

బుల్లికి ఆ పెద్ద బ్యాంకులో వేసవి ఇంటర్న్‌షిప్ దొరకడానికి కారణం ఒక పుచ్చుపన్ను.

వాళ్ళ పిన్ని పళ్ళ డాక్టరు దగ్గర సహాయకురాలు. పెళ్ళి చేసుకోలేదు. అక్కాబావల ఇంట్లోనే ఉంటూ, బుల్లిని కన్నకూతురి కంటే ఎక్కువగా చూసుకునేది. ఒకరోజు ఆ బ్యాంకు ప్రధాన కార్యాలయంలో పెద్ద హోదాలో ఉన్న ఒకాయన దవడ పట్టుకుని వచ్చి కుర్చీలో వెనక్కి వాలాడు. డాక్టరు మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, అది ఎక్కేదాకా పక్క గదిలోకి వెళ్ళాడు. పిన్ని ఆయన నోట్లో దూది సర్దుతూ, "మా అక్క కూతురు కామర్స్ చదువుతోందండీ, చురుకైన పిల్ల. వేసవిలో మీ బ్యాంకు పిల్లల్ని తీసుకుంటుందట కదా" అంది. ఆయన "ఊఁ" అన్నాడు. ఆ 'ఊఁ'కి అర్థం సరేననో, దూది ఎక్కువైందనో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. పిన్ని మాత్రం సరేననే తీసుకుంది. ఆయన లేచి వెళ్ళేటప్పుడు బుల్లి వివరాలున్న కాగితం జేబులో పెట్టి మరీ పంపింది. కొద్ది రోజుల్లో బ్యాంకు నుంచి పిలుపొచ్చింది.

ఇక పిన్నిని పట్టడానికి లేదు. నోరు తెరిచి కూర్చున్న ప్రతి రోగికీ అదే కబురు. వాళ్ళకి వినక తప్పదు కదా.

బుల్లికి కూడా సంతోషంగానే ఉంది. కాలేజీలో మూడో సంవత్సరానికి వెళ్ళాలంటే ఎక్కడో ఒకచోట ఇంటర్న్‌షిప్ చేసి సర్టిఫికెట్ తేవాలి. స్నేహితురాళ్ళకి టైర్ల దుకాణమో, మందుల గోదామో దొరికితే తనకు అద్దాల మేడ దొరికింది. మొదటి రోజు ఆ భవనం కింది హాల్లో నిలబడి, కుండీల్లో నిగనిగలాడుతున్న ఆకుల్ని నిజమైనవేనా అని గిల్లి చూసింది. నిజమైనవే. ఎవరో రోజూ వాటిని గుడ్డతో తుడుస్తారట.

లిఫ్టులో పైకి తీసుకెళ్ళిన కుర్రాడు ఆమెను ఒక తలుపు ముందు ఆపి, మెడలో వేసుకునే కార్డు ఇచ్చాడు. ఫోను బయట పెట్టెలో పెట్టి తాళం వేయమన్నాడు. "లోపల కస్టమర్ల గుట్లుంటాయి" అని నవ్వాడు. తలుపు తెరుచుకుంది. బుల్లి లోపలికి వెళ్ళగానే వెనక మెత్తగా మూసుకుంది.

ఆ గదికి కిటికీ లేదు. గోడల నిండా బూడిదరంగు స్పాంజి పలకలు అంటించారు. మాట్లాడితే మాట అక్కడే పడిపోయేది, ఎదుటివాళ్ళ దాకా సగమే చేరేది. ముగ్గురు మనుషులు చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కంప్యూటర్ల ముందు కూర్చుని ఉన్నారు. బుల్లి నమస్కారం పెట్టింది. ఎవరూ తల తిప్పలేదు. మూలన పెద్ద బల్ల వెనక నుంచి ఒకామె లేచి వచ్చింది. సన్నటి మనిషి, భుజాల చుట్టూ శాలువా, మాట దూదిలా మెత్తన. అందరూ ఆమెను మేడమ్ అనేవారు.

"బ్యాంకుకి ఫోన్ చేసేవాళ్ళతో మనవాళ్ళు మాట్లాడతారు కదమ్మా, కింది అంతస్తులో. ఆ కాల్స్ అన్నీ రికార్డవుతాయి. వాటిల్లో కొన్ని మన దగ్గరికొస్తాయి. మనం విని మార్కులు వేస్తాం. అంతే పని."

"ఎవరికండీ మార్కులు?"

"మాట్లాడిన ఉద్యోగికి."

వేటికి మార్కులో కూడా చెప్పింది. ముందు పలకరింపు బ్యాంకు రాసిచ్చిన మాటల్లోనే ఉండాలి. కస్టమరు పేరు మధ్యమధ్యలో పలకాలి. ఎక్కడా ఊరికే మౌనంగా ఉండిపోకూడదు. కాల్ సాగదీయకూడదు. పెట్టేసే ముందు బ్యాంకువారి కొత్త పథకం ఏదైనా ఒకటి తప్పకుండా చెప్పాలి. ఒక్కొక్కటి తప్పితే ఇన్ని మార్కులు కోత.

"కస్టమరు పని అయిందా లేదా అన్నదానికి?" అని అడిగింది బుల్లి.

"అది వేరే విభాగం చూస్తుంది" అంది మేడమ్.

మధ్యాహ్నం బాత్రూముకు వెళ్దామని లేచి, తలుపు తెరిచే యంత్రానికి కార్డు ఆనిస్తే అది ఎర్రగా వెలిగి ఊరుకుంది. మళ్ళీ ఆనించింది. మళ్ళీ ఎరుపే. వెనక నుంచి మేడమ్ వచ్చి తన కార్డు ఆనించింది. "శిక్షణలో ఉన్నవాళ్ళ కార్డుకి లోపలికి రావడమే ఉంటుందమ్మా. వెళ్ళాలంటే నన్నడుగు. ఏం మొహమాటం వద్దు" అంది. ఎంత వద్దన్నా మొహమాటమే కదా. ఆ మర్నాటి నుంచి బుల్లి నీళ్ళు తాగడం తగ్గించేసింది.

ఆ గదిలో కూర్చుంటే ఊరందరి తలనొప్పులూ చెవుల్లోకి వచ్చి పడేవి. కార్డు పోగొట్టుకుని ఏడ్చేవాళ్ళు, రహస్య సంఖ్య మరిచిపోయి తిట్టేవాళ్ళు, మొగుడికి తెలియకుండా గొంతు తగ్గించి అడిగేవాళ్ళు. ఎవరి గొడవ ఎలా తీరిందో బుల్లికి తెలిసేది కాదు. విన్నది ఎవరికీ చెప్పకూడదు. సాయంత్రం బయటికొస్తే వీధిలో ఎండ కళ్ళలో గుచ్చుకునేది. బస్సులో ఎవరైనా ఫోన్లో మాట్లాడుతుంటే, వద్దనుకున్నా మనసులోనే మార్కులు వేసేది. ఇంట్లో నాన్న భోజనం మధ్యలో మాట ఆపి ఆలోచిస్తుంటే "మౌనం, కోత" అని లోపల ఎవరో అన్నట్టుండేది.

ఒకసారి పిన్నితో చెప్పబోయింది. "పిన్నీ, అక్కడ నాకు ఊపిరాడట్లేదే."

"ఏసీ పడట్లేదేమో. చెవుల్లో దూది పెట్టుకో."

"అది కాదు. ఆ పనే..."

"నా తల్లివి కదూ! ఆయన మళ్ళీ వచ్చాడు, పన్నుకి తొడుగేయించుకోవడానికి. 'మీ పిల్ల బాగా చేస్తోందట' అన్నాడు. ఈసారి నోట్లో ఏమీ లేకుండానే అన్నాడే!" అని పిన్ని కళ్ళు తుడుచుకుంది. 

అలాంటి రోజుల్లో ఒక గొంతు వినబడింది. ఆడగొంతే, కానీ గరగరలాడే బొంగురు గొంతు. అవతల ఒక ముసలాయన. భార్య చనిపోయిందట. ఆమె పేరు మీదున్న ఖాతా మూసేయాలట. ఏ కాగితం కావాలో తెలియక మూడుసార్లు ఫోన్ చేశాడట.

"మరణ ధ్రువపత్రం మీద పైన ఒక సంఖ్య ఉంటుంది తాతగారూ. అది చదివితే చాలు" అంది బొంగురు గొంతు.

"ఎక్కడ పెట్టానో అమ్మా... అన్నీ ఆవిడే సర్దేది."

"వెతుక్కోండి. నేనెక్కడికీ పోను."

ఆ తర్వాత మాటల్లేవు. సొరుగులు లాగిన చప్పుడు. ఏదో డబ్బా కింద పడింది. ముసలాయన తనలో తను గొణుక్కున్నాడు. ఒకచోట చప్పుడు పూర్తిగా ఆగిపోయింది. అప్పుడు బొంగురు గొంతు, "కూర్చుని వెతకండి తాతగారూ. తొందరేం లేదు" అంది. మళ్ళీ సొరుగుల చప్పుడు మొదలైంది. చివరికి కాగితం దొరకలేదు. "రేపు వెతికి చేయండి. నేను లేకపోతే ఎవరున్నా ఇదే చెప్పండి" అని ఎవరికి ఏం చెప్పాలో ఆయన చేత రాయించింది. కొత్త పథకం ఊసే లేకుండా ఫోను పెట్టేసింది. ఆ వారం చెప్పాల్సిన పథకం జీవిత బీమా.

బుల్లి హెడ్‌ఫోన్లు తీసింది. తర్వాత ఆ కాల్‌కి నిండు మార్కులు వేసింది.

సాయంత్రానికల్లా మేడమ్ తన బల్ల దగ్గరికి పిలిచింది. కోప్పడలేదు. "ఈ కాల్ నేనూ విన్నాను. నాకు వందకి ముప్ఫై వచ్చింది. నీకు వంద ఎలా వచ్చిందమ్మా?"

"ఆవిడ బాగా మాట్లాడిందండీ."

"బాగా మాట్లాడిందా అని మనల్ని ఎవరూ అడగలేదు. మౌనం ఉందా? ఉంది. పథకం చెప్పిందా? చెప్పలేదు. ఇద్దరం ఒకే కాల్ వింటే మార్కులు దగ్గరగా ఉండాలి. లేకపోతే నీకు శిక్షణ సరిగ్గా అందలేదని రాయాల్సొస్తుంది. సర్టిఫికెట్ ఆగుతుంది. నాకిష్టమా అది?"

మేడమ్ ఇంకాస్త గొంతు తగ్గించింది. "నా మార్కులూ ఎవరో సరిచూస్తారమ్మా" అంది.

బుల్లి తన కుర్చీలోకి వచ్చి వందని ముప్ఫైగా మార్చింది. అరనిమిషం పని. ఆ తర్వాత ఆమెకు పని అలవాటైపోయింది. ఏ కాల్ ఎక్కడ తప్పుతుందో ముందే పసిగట్టేది. మేడమ్ మార్కులకీ తన మార్కులకీ తేడా రాకుండా పోయింది. "నీ చెవి బాగా కుదిరింది" అని మేడమ్ మెచ్చుకుంది. ఆ మెచ్చుకోలుకి సిగ్గుపడాలో సంతోషించాలో తెలియక, ఇంటికెళ్ళి అన్నం సగంలో వదిలేసి లేచింది.

ఒక మధ్యాహ్నం క్యాంటీన్ వరసలో నిలబడి ఉంటే వెనక నుంచి వినిపించింది. "కాఫీ చల్లగా ఉంటే మాత్రం వద్దు బాబూ, నిన్నటిదే ఇంకా గొంతులో అడ్డం పడి ఉంది."

అదే బొంగురు గొంతు. బుల్లి తిరిగి చూసింది. నలభై ఏళ్ళ లావుపాటి మనిషి, నుదుటి మీదికి ఎగదోసిన కళ్ళజోడు. "ఏంటమ్మా, దెయ్యాన్ని చూసినట్టు చూస్తున్నావ్? నా గొంతుకా? అందరూ జడుసుకుంటారులే. రా, అక్కడ ఖాళీ ఉంది" అని బుల్లి చేతిలో పళ్ళెం తనే పట్టుకుని నడిచింది.

ఆమె అంతకుముందు ఏళ్ళ తరబడి బస్సు కండక్టరుగా చేసిందట, డ్రైవర్ల దగ్గర బండి నడపడమూ నేర్చుకుందట. స్టాపుల పేర్లు అరిచీ అరిచీ గొంతు అలా అయిపోయిందట. మాట మాటకీ నవ్వించేది. బుల్లి ఆమెను అక్కా అని పిలవడం మొదలుపెట్టింది.

"నిన్నే విభాగంలో వేశారు?" అని అడిగింది అక్క.

"పాత ఫైళ్ళు సర్దుతున్నానక్కా" అంది బుల్లి. అబద్ధం దానంతటదే వచ్చేసింది.

"అదృష్టవంతురాలివి. ఫైళ్ళకి నోళ్ళుండవు. మా మీద పైన ఎవరో కూర్చుని ఉంటారు, రోజంతా వింటూ. వాళ్ళ మొహాలు ఎప్పుడూ చూళ్ళేదు. పాపం, ఇంట్లో పెళ్ళాంతో కూడా మాట్లాడరనుకుంటా, మాటలంటేనే పడదు వాళ్ళకి."

బుల్లి నవ్వింది. నవ్వకపోతే అనుమానం వస్తుందని నవ్వింది.

అప్పటి నుంచి రోజూ ఒకే బల్ల దగ్గర భోజనం. అక్క తన డబ్బాలోది సగం బుల్లికి పెట్టేది. కాలేజీ సంగతులు అడిగేది. భోజనమయ్యాక బుల్లి పైకి వెళ్ళి హెడ్‌ఫోన్లు పెట్టుకునేది. వారంలో రెండు మూడుసార్లయినా అదే గొంతు చెవుల్లోకి వచ్చేది. పథకం చెప్పలేదు, కోత. సాగదీసింది, కోత. ఎవరో ఏడుస్తుంటే మౌనంగా విన్నది, కోత. ఇంకెవరికైనా ఈ కాల్స్ ఇవ్వమని అడగాలనుకుంది. ఎందుకని మేడమ్ అడిగితే ఏం చెప్తుంది? తెలిసిన మనిషి అంటే క్యాంటీన్‌కి వెళ్ళడం మానేయమంటారు. అక్కతో భోజనం మానేస్తే ఆమె ఎందుకని అడుగుతుంది. ఇంటర్న్‌షిప్పే మానేస్తే ఏడాది పోతుంది, పిన్ని పరువు పోతుంది. ఏ వైపు తిరిగినా గోడే. రెండు నెలల్లో బుల్లి బుగ్గలు లోపలికి పోయాయి. "బ్యాంకు పని కదా, బుర్ర అరుగుతుంది" అంది వాళ్ళమ్మ గర్వంగా.

ఆఖరి వారం మొదలవుతుండగా మేడమ్ ఒక శుభవార్త చెప్పింది. వెళ్ళేముందు బుల్లి పెద్దవాళ్ళ ముందు మాట్లాడాలి. కాల్స్ తీసుకునే ఉద్యోగులు కూడా వస్తారు. కాల్ ఎలా ఉండకూడదో ఒక రికార్డింగ్ వినిపించి, తప్పులు ఒక్కొక్కటీ విడమరిచి చెప్పాలి. "బాగా చేస్తే చదువవగానే ఉద్యోగానికి సిఫార్సు చేస్తాను" అంది. రికార్డింగ్ కూడా తనే ఎంచి పెట్టింది. ముసలాయన కాల్.

"మేడమ్, ఇది కాకుండా ఇంకోటి..."

"ఇంత స్పష్టంగా అన్ని తప్పులూ ఒకేచోట ఇంకెక్కడా లేవమ్మా. పేరు చెప్పంలే. ఎవరిదో ఎవరికీ తెలియదు."

ఆ గొంతు ఎవరిదో తెలియని మనిషి ఆ భవనంలో ఉంటే కదా!

మర్నాడు క్యాంటీన్‌లో బుల్లి పళ్ళెం ముట్టుకోలేదు. అక్క రెండుసార్లు అడిగింది. మూడోసారికి బుల్లి, "అక్కా, నేను ఫైళ్ళు సర్దట్లేదు. పైన కూర్చుని వినేది నేనే" అంది. మొదలుపెట్టాక ఆపలేకపోయింది. ముసలాయన కాల్, వంద, ముప్ఫై, మర్నాటి సభ, అన్నీ చెప్పేసింది.

అక్క నమలడం ఆపింది. కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడిచింది. చాలాసేపు తుడిచింది.

"అంటే ఇన్నాళ్ళూ నా డబ్బాలో తిని, పైకెళ్ళి నాకు మార్కులు వేశావా?"

"అవునక్కా."

"కూర బాగున్నా కోసేశావా?"

బుల్లికి నవ్వు రాలేదు. అక్కకీ రాలేదు. కాసేపటికి, "ఆ ముసలాయన మర్నాడు మళ్ళీ చేశాడు తెలుసా?" అంది అక్క. "అదృష్టం కొద్దీ నాకే తగిలాడు. కాగితం దొరికిందట, ఆవిడ కుట్టుమిషను సొరుగులో. పని నిమిషంలో అయిపోయింది. ఆ కాల్ మీ దగ్గరికి రాలేదా?"

"రాలేదక్కా."

"రాదులే" అని డబ్బా మూసి లేచింది. రెండడుగులు వేసి వెనక్కి వచ్చింది. "రేపు ఏం చెప్పమంటే అది చెప్పు. నీ చదువు నాశనం చేసుకోకు. పెళ్ళాం పోయినవాడికి బీమా అమ్మలేక మానేశాననుకోకు. అమ్మగలను. అమ్మను." కోపమో, జాలో బుల్లికి తెలియలేదు. ఆ పూట డబ్బా మాత్రం పంచలేదు.

సభ హాల్లో ముందు వరసలో కోట్లు వేసుకున్న అధికారులు, వెనక కింది అంతస్తు ఉద్యోగులు. అక్క మధ్యలో ఎక్కడో కూర్చుంది. బుల్లి రికార్డింగ్ పెట్టింది. మొదటి మాటకే అందరి తలలూ అక్క వైపు తిరిగి, మళ్ళీ ముందుకు తిరిగాయి. సొరుగుల చప్పుడు హాలంతా వినబడింది. తను ఏం చేయాలో బుల్లికి బాగా తెలుసు. చేసింది కూడా. మౌనం దగ్గర ఆపి ఇది తప్పంది. చివర ఆపి ఇది తప్పంది. గొంతు ఎక్కడా వణకలేదు. అందుకే తన మీద తనకే అసహ్యమేసింది.

అయిపోయాక పంటి నొప్పాయన, పిన్ని పుణ్యమా అని ఆ అమ్మాయిని కాస్త ప్రోత్సహిద్దామనుకున్నాడేమో, చేయెత్తాడు. "చాలా చక్కగా చెప్పావమ్మా. మరి ఈ కాల్‌కి నువ్వెన్ని మార్కులు వేశావు?"

"మొదటిసారా, రెండోసారా అండీ?" అంది బుల్లి.

అనాలని అనుకోలేదు. ఆ ప్రశ్నకి నిజమైన జవాబు అదే కాబట్టి వచ్చేసింది.

"రెండుసార్లు వేశావా?"

"మొదట వందకి వంద వేశానండీ. వినగానే అంతే అనిపించింది. తర్వాత ముప్ఫైకి మార్చాను. మా ఇద్దరి మార్కులూ కలవాలన్నారు. కలవకపోతే సర్టిఫికెట్ రాదేమోనని భయపడి మార్చాను. ఆ తర్వాత ఆవిడవి ఇంకా చాలా కాల్స్‌కి అలాగే వేశాను. మొదటిదే సరైందని ఇప్పటికీ అనిపిస్తోందండీ."

హాల్లో ఎవరో దగ్గారు. మేడమ్ సన్నగా నవ్వి, "చిన్నపిల్ల కదా సార్, ఇంకా నేర్చుకుంటోంది" అంది. ఆయన "ఆసక్తిగా ఉంది" అని గడియారం చూసుకున్నాడు. ఇంకొకాయన తర్వాతి విషయానికి వెళ్దామన్నాడు. వెళ్ళారు. బుల్లి అక్క వైపు చూసింది. ఆమె తల వంచుకుని చెప్పు పట్టీ సర్దుకుంటోంది.

అంతకుమించి ఏమీ జరగలేదు. మార్కుల పద్ధతి అలాగే ఉంది. నెల తిరక్కుండా అక్కని ఫోన్ల నుంచి తీసి, ఉత్తరాలకి జవాబులు కొట్టే విభాగానికి మార్చారు. బుల్లికి సర్టిఫికెట్ ఇచ్చారు. అందులో ఒకే ఒక్క మాట, 'పూర్తి చేసినది' అని. ఉద్యోగం సిఫార్సు ఊసు లేదు. చివరి సాయంత్రం మేడమ్ తలుపు తెరిచి పట్టుకుని, "నిన్ను తప్పుపట్టనమ్మా. కానీ ముందు నాతో అనుండాల్సింది" అంది. ముందు ఆమెతోనే అన్నానని బుల్లికి గుర్తుంది. కార్డు ఆమె చేతిలో పెట్టేసింది.

సభలో జరిగింది తెలిసి పిన్ని బుల్లితో మాట్లాడటం మానేసింది. ఇంట్లో ఉప్పు కావాలన్నా బుల్లి వాళ్ళమ్మ చేత అడిగించేది. ఒకరోజు బుల్లే వెళ్ళి ఆమె ముందు కూర్చుని, ఆ గది సంగతంతా మొదటి నుంచీ చెప్పింది. నీళ్ళు తాగడం మానేసిన సంగతి దగ్గరికొచ్చేసరికి పిన్ని చటుక్కున తలెత్తింది.

"బాత్రూముకి అడిగి వెళ్ళాలా? ఆ ముక్క ముందే చెప్పొద్దూ!"

"చెప్పబోయాను. దూది పెట్టుకోమన్నావు."

పిన్ని "నేనే తోసేశానా నిన్ను?" అంది. బుల్లి ఆమె ఒళ్ళో తల పెట్టుకుంది.

అక్క ఏడాది పైగా ఆ ఉత్తరాల దగ్గరే ఉంది. బుల్లి రెండుసార్లు ఫోన్ చేస్తే ఎత్తలేదు. తర్వాత ఒకరోజు తనే చేసింది. బ్యాంకు మానేసి డ్రైవింగ్ స్కూల్లో నేర్పే పనికి చేరానంది. "మొదటి నెలలో పదిమందిని తెమ్మన్నారు. నువ్వొస్తే ఒకటి తగ్గుతుంది. నీ మీద కోపం ఉంది, దాంతోపాటే రా" అంది.

బుల్లి వెళ్ళింది. మూడో రోజు పాఠంలో నాలుగు రోడ్ల కూడలి నడిమధ్యలో బండి ఆగిపోయింది. తాళం ఎంత తిప్పినా మూలుగుతోంది తప్ప కదలదు. వెనక హారన్లు హోరెత్తాయి. ఒకాయన కిటికీలోంచి తల బయటపెట్టి తిట్టడం మొదలెట్టాడు.

"అక్కా, నువ్విలా వచ్చెయ్. నేను దిగిపోతాను."

"ఎందుకు దిగడం?" అంది అక్క, సీటులో ఇంకాస్త సర్దుకుని. తన వైపు అద్దం దించి, బొంగురు గొంతుతో ఆ వెనకాయన్ని ఒక్క కేక వేసింది. ఆయన తల లోపలికి పోయింది. "అరవనీ వాళ్ళని. క్లచ్ పూర్తిగా తొక్కు. గేరు తియ్. ఇప్పుడు మళ్ళీ తిప్పు."

బుల్లి తాళం తిప్పింది.